గాలి బయటికొచ్చే చోటు వేరు, లోపలికి దూరిన చోటు వేరు

(తిరుపతిలో ఒక ఆదివారం పొద్దున సైకిల్ తొక్కేవాళ్ళు కలిసినప్పుడు ఒక మెకానిక్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడా కొంచెం సర్దాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకు రండి సామీ, చేతిలో చిన్న చిన్న వస్తువులు చూపించాలి, అక్కడి నుంచి ఏమీ కనబడదు. ఎండ ఎక్కేలోపు ముగించేద్దాం.

నన్ను మాట్లాడమన్నది ట్యూబ్‌లెస్ టైర్ల గురించి. నేను టైరు గురించి తక్కువ, టేపు గురించి ఎక్కువ మాట్లాడతాను. ఎందుకంటే "ట్యూబ్‌లెస్ వేయించానన్నా, గాలి నిలబడడం లేదు" అని నా దగ్గరికి వచ్చే చక్రాల్లో చాలావాటికి టైరు బాగానే ఉంటుంది, వాల్వ్ బాగానే ఉంటుంది, సీలెంట్, అదే ముల్లు కన్నాలు మూయడానికి టైరులో పోసే ద్రవం, కూడా మంచిదే పోసి ఉంటారు, వేలు పెట్టి కొన్న సామానంతా బాగానే ఉండి, లోపల రిమ్ము మీద చుట్టిన టేపు చూస్తే మాత్రం ఏడుపొస్తుంది. మొత్తం సామానులో తక్కువ ఖరీదు దానిదే. అందుకే దాని మీద ఎవరికీ గౌరవం లేదు.

మన ఊరి చుట్టుపక్కల ట్యూబ్‌లెస్ ఎందుకు కావాలో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. చంద్రగిరి దాటి కల్యాణి డ్యాం వైపు మట్టిదారి పట్టినా, రేణిగుంట రోడ్డు వదిలి చేల మధ్యలోకి దిగినా, సర్కారు కంప ముళ్ళు, పల్లేరు కాయలు. పల్లేరు కాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే చూస్తూ ఉంటుంది, దాని పుట్టుకే అంత. ఎట్లాగో అమెరికాకు కూడా పాకింది ఈ మొక్క, అక్కడి ఎండు ప్రాంతాల సైకిల్ వాళ్ళు కూడా దీన్నే తిట్టుకుంటారు. ట్యూబున్న చక్రానికి ఆ ముల్లు దిగితే అక్కడే కూర్చోవాలి. ట్యూబ్‌లెస్ అయితే లోపల పోసిన సీలెంట్, చాలావాటిలో అది రబ్బరు పాలే, గాలితో పాటు ఆ కన్నంలోకి దూరి అక్కడే గట్టిపడి మూసేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఇంకో లాభం, గాలి కొంచెం తగ్గించి తొక్కొచ్చు. ట్యూబుతో గాలి తగ్గిస్తే రాయి మీద ఎక్కినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి కదా, ఇక్కడ నలగడానికి ట్యూబే లేదు.

సరే, లాభాలు చాలు. అసలు సంగతికి వద్దాం. మీలో చాలామందికి మోటారు సైకిల్ ఉంటుంది. అల్లాయ్ వీల్ బండికి ట్యూబ్‌లెస్, స్పోకు వీల్ బండికి ట్యూబు, మామూలుగా ఇంతే కదా? ఎందుకని ఎప్పుడైనా అనుకున్నారా? అల్లాయ్ వీల్‌కి కన్నాలుండవు. స్పోకు వీల్ రిమ్ముకి ప్రతి స్పోకు దగ్గరా ఒక కన్నం ఉంటుంది, అక్కడి నుంచి గాలి పోతుంది, అందుకని లోపల ట్యూబు పెడతారు. సైకిల్‌కి బరువు తక్కువ ఉండాలి కాబట్టి మనం స్పోకులు వదల్లేం. ఇరవై నాలుగో, ఇరవై ఎనిమిదో, ముప్పై రెండో కన్నాలున్న రిమ్ములో ట్యూబు లేకుండా గాలి నిలబెట్టాలి. అదీ మన ముందున్న లెక్క.

దీనికి మొదట్లో కంపెనీలు వెతికిన దారి వేరు. 1999లో ఫ్రాన్స్‌లోని మావిక్ కంపెనీ, మిషెలిన్, హచిన్సన్ అనే టైరు కంపెనీలతో కలిసి యూఎస్‌టీ అని ఒక పద్ధతి తెచ్చింది. అందులో టైరు కూర్చునే వైపు రిమ్ముకి కన్నాలే పెట్టలేదు, వాల్వ్‌కి ఒక్కటి తప్ప. టేపుతో పనే లేదు. చాలా మంచి పని, నాకు ఇప్పటికీ ఆ రిమ్ములంటే ఇష్టం. కానీ తయారీ ఖర్చు ఎక్కువ, స్పోకు బిగించడానికి ప్రత్యేకమైన ఏర్పాట్లు కావాలి. ఆ తర్వాత కొన్నేళ్ళకి అమెరికాలో స్టాన్స్ లాంటి చిన్న కంపెనీ వాళ్ళు, అంత కష్టం ఎందుకు, మామూలుగా కన్నాలు కొట్టిన రిమ్ము మీదే గాలి పోని టేపు చుట్టి, లోపల సీలెంట్ పోస్తే సరిపోతుంది కదా అన్నారు. ఈ రోజు మీ సైకిళ్ళకున్నవి ఎక్కువ శాతం ఆ దారిలో వచ్చినవే. అంటే రిమ్ము కంపెనీ చేయాల్సిన పని ఒకటి టేపు మీదికి, ఆ టేపు చుట్టే మనిషి చేతిలోకి వచ్చేసింది.

ఆ టేపు ఎంత బరువు మోస్తుందో చూడండి. రిమ్ము లోపలి వైపు స్పోకు కన్నం తొమ్మిది మిల్లీమీటర్లనుకుందాం, మన చిటికెన వేలి కొన కూడా పట్టనంత. అరవై పీఎస్ఐ గాలి కొడితే ఆ ఒక్క కన్నం మీద టేపుని రెండున్నర కిలోలకు పైనే బరువు కిందికి తోస్తూ ఉంటుంది. ముప్పై పీఎస్ఐకి అందులో సగం. పగలూ రాత్రీ, మీరు సైకిల్ గోడకానించి నిద్రపోతున్నప్పుడు కూడా. పైగా టేపు మందం ఎంతనుకున్నారు, మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల. మే నెల ఎండలో, మూసిన కారు డిక్కీలో, అదే పని. రిమ్ బ్రేకుల సైకిల్ అయితే హార్స్‌లీ కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టీ రాపిడికి రిమ్ము కాలిపోతుంది, ఆ వేడి కూడా టేపు జిగురుకే తగులుతుంది. డిస్క్ బ్రేకులవాళ్ళకి ఈ బాధ లేదు.

ఇప్పుడు చూడండి, ఇది మామూలు సైకిల్ రిమ్ములో ఉండే రబ్బరు పట్టీ. దీన్ని కూడా రిమ్ టేప్ అనే అమ్ముతారు, అక్కడే గందరగోళం మొదలు. దీని పని వేరే. స్పోకు నిపుల్, అంటే స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు, దాని తల ట్యూబుకి గుచ్చుకోకుండా అడ్డం ఉండడం, అంతే. గాలి ఆపే పని దీనిది కాదు, గాలి ఆపడానికి ట్యూబు ఉంది. దీని మీద ట్యూబ్‌లెస్ టైరు ఎక్కించి, గాలి కొట్టి కొట్టి చేతులు నొప్పులు పుట్టినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు, పేర్లు చెప్పను, ఇక్కడే కూర్చున్నారు. (నవ్వులు) ఈ పట్టీ తీసేయాల్సిందే. దాని మీద టేపు చుట్టడం కూడా కాదు, తీసేసి, ఒట్టి రిమ్ము మీద.

ఇంకొకటి, కరెంటు టేపు. ఈ మధ్య ఒక పంచరు అంగడిలో కరెంటు టేపు చుట్టి "ట్యూబ్‌లెస్ చేశాం" అని పంపించారు ఒక అబ్బాయిని. పంచరు అంగడివాళ్ళని నేను తక్కువ చేయడం లేదు, వాళ్ళ చేతిలో ఉన్న పనితనం నాకు తెలుసు, కానీ ఆ సామాను దీనికి పుట్టింది కాదు. కరెంటు టేపు సాగుతుంది. సాగేది ఏదైనా గాలి ఒత్తిడికి కన్నంలోకి దిగుతూ దిగుతూ ఒక రోజు చినిగిపోతుంది, ఎండకు దాని జిగురు కరిగి పక్కకు జారుతుంది. పార్సిల్ డబ్బాల మీద వేసే గోధుమరంగు టేపు పలచన, అంచు కాస్త చిట్లితే చాలు బర్రుమని చివరిదాకా పోతుంది. గుడ్డ టేపు, అదే డక్ట్ టేప్ అంటారు, కొంతమంది కొండ సైకిళ్ళకి వాడతారు, పని చేస్తుంది కూడా, కానీ మందం ఎక్కువ, తీసేటప్పుడు జిగురంతా రిమ్ముకే ఉండిపోతుంది, దాన్ని గోకడానికి ఒక ఆదివారం పోతుంది.

మరి ఏది మంచిది? సాగని ప్లాస్టిక్, ఒకవైపు జిగురు, కావలసిన వెడల్పు. సైకిల్ కంపెనీల ట్యూబ్‌లెస్ టేపులు ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకం. ఫ్యాక్టరీల్లో సామాను కట్టలు కట్టడానికి, ఫ్రిజ్జు రవాణాలో లోపలి అరలు కదలకుండా పట్టి ఉంచడానికి ఇదే జాతి టేపు వాడతారు. టెసా కంపెనీ 4289 అని పసుపు రంగు టేపు ఒకటి ఉంది, సైకిల్ వాళ్ళు చాలామంది పెద్ద రోల్ తెచ్చుకుని పంచుకుంటారు. నా లెక్కలో కంపెనీ పేరు కన్నా వెడల్పు ముఖ్యం. పేరున్న టేపు తప్పు వెడల్పులో కొంటే, పేరు లేనిది సరైన వెడల్పులో కొన్నవాడే హాయిగా ఉంటాడు.

వెడల్పు ఎట్లా తెలుసుకోవాలి? మీ రిమ్ము మీద స్టిక్కరో చెక్కిన అంకెలో చూడండి, 622, పక్కన ఇంటూ గుర్తు, ఆ తర్వాత 21 అనో 25 అనో ఉంటుంది. 622 అంటే టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం మిల్లీమీటర్లలో, 700సి అన్నా 29 అంగుళాలన్నా రెండూ అదే. 27.5 అయితే 584 అని, పాత 26 అంగుళాల కొండ సైకిల్ అయితే 559 అని ఉంటుంది. రెండో అంకె లోపలి వెడల్పు. టేపు ఆ వెడల్పు కన్నా రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 21 రిమ్ముకి 25 టేపు, అట్లా. ఎక్కువ ఎందుకంటే రిమ్ము లోపల చదునుగా ఉండదు, మధ్యలో ఒక కాలువ ఉంటుంది, టేపు ఆ కాలువలోకి దిగి మళ్ళీ రెండు పక్కలా టైరు అంచు కూర్చునే మెట్టు దాకా ఎక్కాలి. టైరు అంచు టేపు మీద కూర్చోవాలి, అప్పుడే టేపు అంచు కూడా దాని కింద నొక్కుకుని ఉంటుంది. టేపు ఇరుకైతే అంచు కాలువలోనే ఆగిపోతుంది, సీలెంట్ మెల్లగా దాని కింద దూరి లేపేస్తుంది. మరీ వెడల్పైతే పక్కగోడ మీదికి ఎక్కుతుంది, అప్పుడు టైరు ఎక్కించేటప్పుడు దాని అంచే టేపుని పట్టుకుని ఊడబెరుకుతుంది. రెండూ చూశాను, ఇరుకుదే ఎక్కువ.

ఎన్ని చుట్లు? కొండ సైకిల్, మట్టిదారులకు చేసిన గ్రావెల్ సైకిల్, అంటే నలభై పీఎస్ఐ లోపు తొక్కేవాళ్ళకి సాధారణంగా ఒక చుట్టు చాలు. రోడ్డు సైకిల్‌కి, అరవై డెబ్బై కొట్టేవాళ్ళకి, నేను రెండు వేస్తాను. మరి మూడు వేస్తే ఇంకా మంచిది కదా అని అడుగుతారు. ఆగండి. టేపు పదో వంతు మిల్లీమీటరే అయినా ఒక్కో చుట్టుకి రిమ్ము చుట్టుకొలత అర మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. టైరు అంచులోని తీగ సాగదు. అసలే బిగుతుగా ఎక్కే టైరుకి ఇంకో చుట్టు వేస్తే బొటనవేళ్ళు పోతాయి. అదే, టైరు మరీ వదులుగా ఉండి పంపుతో ఎంత కొట్టినా గాలి పక్కల నుంచి పోతుంటే ఇంకో చుట్టు వేయండి, చాలాసార్లు అక్కడితో కుదురుతుంది. కొలత టైరునీ రిమ్మునీ బట్టి, పుస్తకం చూసి కాదు. ఒక చుట్టుకి రెండు మీటర్ల లోపే పడుతుంది, పది మీటర్ల రోల్ కొంటే రెండు చక్రాలకి రెండేసి చుట్లు వేసినా మిగులుతుంది, కాబట్టి పీనాసితనం వద్దు.

ఇప్పుడు చుట్టడం. మీలో చాలామంది ఇంట్లోనే చేసుకుంటారు కాబట్టి ఇది కాస్త నిదానంగా చెప్తాను.

ముందు పాత టేపు, పాత జిగురు, ఎండిపోయిన సీలెంట్ తొక్కలు అన్నీ తీయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌తో గుడ్డ నల్లబడడం ఆగేదాకా తుడవండి. కొత్త రిమ్ము కదా శుభ్రంగానే ఉంటుందిలే అనుకోకండి, ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. పెట్రోలుతో తుడిస్తే నూనె జిడ్డు మిగులుతుంది, దానితో వద్దు. వాల్వ్ కన్నం చుట్టూ వేలు తిప్పి చూడండి, డ్రిల్లు చేసిన చోట సన్నని ఇనప్పొరకలాంటిది తగిలితే చిన్న ఆకురాయితో అరగదీయండి, లేకపోతే అదే మీ టేపుని కోస్తుంది. తుడిచాక బాగా ఆరనివ్వండి. తడి మీద జిగురు పట్టదు.

వాల్వ్ కన్నానికి నాలుగు అంగుళాలు ఇవతల మొదలుపెట్టండి. కన్నం మీదుగా పోయి, చుట్టంతా తిరిగి వచ్చి, మళ్ళీ కన్నం దాటి నాలుగు అంగుళాలు పోయి ఆపండి. అంటే ఎక్కడ కన్నం పొడుస్తామో అక్కడ రెండు పొరలు ఉంటాయి. చక్రాన్ని ఒళ్ళో పెట్టుకునో స్టాండులో బిగించో, రోల్‌ని గట్టిగా లాగి పట్టుకుని, మధ్యలో ముందు అంటించి తర్వాత పక్కలకి. గట్టిగా అంటే నిజంగా గట్టిగా, చేతికి నొప్పి తెలిసేంత. మన టేపు సాగదు కాబట్టి భయం లేదు, ఈ బిగువే దాన్ని కాలువలోకి దింపుతుంది. ఒక అడుగు అంటించి, ఆ అడుగంతా గుడ్డతో నొక్కి, తర్వాత ఇంకో అడుగు. వదులుగా చుట్టినవాడి టేపు ఎట్లా ఉంటుందంటే, కాలువ మీద డోలు చర్మం బిగించినట్టు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అడ్డంగా నిలబడి ఉంటుంది, కింద అంతా ఖాళీ. గాలి కొట్టగానే అది ఒక్కసారిగా కిందికి దిగుతుంది, దిగడానికి కావలసిన వెడల్పుని అంచుల దగ్గర నుంచి లాక్కుంటుంది, అంచులు మెట్టు మీద నుంచి జారిపోతాయి. చుట్టినప్పుడు అందంగా కనబడిన పని అరగంటలో పాడవడానికి కారణం అదే. కాబట్టి వేలితో కాలువ వెంబడి నొక్కుతూ పోండి, బుడగలు కనబడితే అంచు వైపు తోయండి. ఒక పెద్ద ముడత వచ్చిందంటే సర్దడానికి ప్రయత్నించొద్దు, అక్కడిదాకా తీసి కొత్త ముక్కతో మళ్ళీ చుట్టండి. ఒకసారి లేపిన జిగురు రెండోసారి మొదటిసారిలా పట్టదు.

తర్వాత వాల్వ్ కన్నం. ఇక్కడ కత్తి తీయొద్దు. కత్తితో ఇంటూ గుర్తులా కోస్తే ఆ నాలుగు కోతలూ నాలుగు వైపులకి పెరుగుతూ పోతాయి, ఈ రకం టేపు పొడుగునా చాలా తేలిగ్గా చీలుతుంది. సన్నని మేకు పొయ్యి మీద కాల్చి, పటకారుతో పట్టుకుని గుచ్చండి, లేదా సోల్డరింగ్ ఐరన్ మొన. ప్లాస్టిక్ కరిగి కన్నం గుండ్రంగా, అంచు గట్టిగా వస్తుంది. కార్బన్ రిమ్ము అయితే వేడి రిమ్ముకి తగలనివ్వకండి, సూది మొనతో చిన్నగా పొడిచి వదిలేయండి. కన్నం వాల్వ్ కన్నా చిన్నదిగా ఉండాలి, వాల్వ్‌ని టైరు వైపు నుంచి తోస్తే బిర్రుగా దిగాలి. బయట నట్టు చేత్తో బిగిస్తే చాలు. పట్టకారుతో బిగించొద్దు, రోడ్డు మీద పంచరై ట్యూబు వేయాల్సి వచ్చినప్పుడు ఆ నట్టు విప్పలేక మీరే నన్ను తిట్టుకుంటారు.

ఇంకో పని, చాలామంది దాటేసేది. సీలెంట్ పోయకముందే మామూలు ట్యూబు వేసి టైరు ఎక్కించి, నలభై యాభై కొట్టి ఒక రాత్రి వదిలేయండి. ట్యూబు లోపలి నుంచి టేపుని అన్ని మూలలకీ నొక్కుతుంది, ఏ మనిషి వేలూ అంత సమంగా నొక్కలేదు. పొద్దున ఒక్క పక్క మాత్రమే టైరు దించి ట్యూబు బయటికి లాగండి, రెండో పక్క అట్లాగే కూర్చుని ఉండనివ్వండి. ఇప్పుడు ట్యూబ్‌లెస్ వాల్వ్ పెట్టి, దించిన పక్క ఎక్కిస్తే గాలితో కూర్చోబెట్టాల్సింది ఒక్క అంచే, కంప్రెసర్ లేకపోయినా మంచి నేల పంపుతో పనవుతుంది. టైరు ఎత్తే లివర్ వాడాల్సి వస్తే ప్లాస్టిక్‌ది, అదీ కొన మాత్రమే లోపలికి. ఇనప లివర్ ఒక్క పోటుకి మీ రాత్రి కష్టమంతా గోవిందా. (నవ్వులు) మన ఊళ్ళో ఆ మాట మంచికే అంటాం, కానీ ఇక్కడ మంచికి కాదు.

సరే, ఇప్పుడు నేను నిజంగా చెప్పాలని వచ్చింది. గాలి పోతోంది, ఎక్కడ పోతోంది?

అందరూ చేసేది, చక్రం నీళ్ళలో ముంచడమో సబ్బు నీళ్ళు కొట్టడమో. మంచిదే. వాల్వ్ మొదట్లో బుడగలు వస్తాయి. వెంటనే వాల్వ్ చెడిపోయిందని కొత్త వాల్వ్ కొంటారు. మళ్ళీ అక్కడే బుడగలు. ఇంకా ఖరీదైన వాల్వ్ కొంటారు. మళ్ళీ అక్కడే. ఎందుకు? సైకిల్ రిమ్ము లోపల బోలుగా ఉంటుంది. టైరు వైపు ఒక గోడ, స్పోకుల వైపు ఒక గోడ, మధ్యలో చక్రం చుట్టూ తిరిగే ఖాళీ. టేపులో ఎక్కడ చిల్లు ఉన్నా, అది వాల్వ్‌కి సరిగ్గా ఎదురుగా అవతలి వైపు ఉన్నా సరే, గాలి ముందు ఆ ఖాళీలోకి దూరుతుంది. అక్కడి నుంచి తనకు తేలికైన దారి వెతుక్కుంటుంది. వాల్వ్ కన్నమో, ఏదో ఒక స్పోకు నిపులో, రిమ్ము అతుకో, కొన్ని రిమ్ములకి నీళ్ళు కారడానికి పెట్టిన చిన్న కన్నమో. బుడగ వచ్చిన చోటు గాలి బయటికొచ్చే చోటు మాత్రమే. అది లోపలికి దూరిన చోటు ఇంకెక్కడో ఉండొచ్చు.

కాబట్టి లెక్క ఇట్లా పెట్టుకోండి. టైరుకీ రిమ్ముకీ మధ్య, అంచు దగ్గర బుడగలొస్తే అది టైరు కూర్చోవడంలో తేడా, సీలెంట్ పోసి చక్రాన్ని రెండు పక్కలా పడుకోబెట్టి తిప్పితే సర్దుకుంటుంది. వాల్వ్ మధ్యలో, పిన్ను దగ్గర వస్తే లోపలి వాల్వ్ కోరు, అంటే ఆ పిన్ను ఉన్న ముక్క, వదులు, బిగించండి. కానీ నిపుళ్ళ దగ్గర ఒక్క బుడగ వచ్చినా, వాల్వ్ మొదట్లో రిమ్ముకి ఆనే చోట వచ్చినా, టేపుని అనుమానించండి. వాల్వ్ రబ్బరు సరిగ్గా కూర్చోలేదా అని ఒకసారి చూడండి, అదైతే రెండు నిమిషాల పని. అది కాకపోతే టైరు విప్పి టేపుని వెలుతురులో చుట్టూ చూడండి. ఎక్కడ అంచు లేచింది, ఎక్కడ తెల్లగా సీలెంట్ కిందికి పోయింది, ఎక్కడ నిపుల్ ఆకారం లోతుగా దిగింది. దొరుకుతుంది.

"సీలెంట్ ఉంది కదా, టేపు చిల్లుని కూడా అదే మూసేస్తుంది కదా" అని ఎవరో అడిగారు ఇందాక. చిన్న చీలికైతే కొన్నాళ్ళు మూస్తుంది, నిజమే. కానీ టైరులో ముల్లు చేసిన కన్నం చుట్టూ మందమైన రబ్బరు ఉంటుంది, సీలెంట్ పట్టుకోవడానికి చోటుంటుంది. టేపు చిల్లు చుట్టూ ఉన్నది పలచని ప్లాస్టిక్ పొర, అది గాలికి వంగుతూ లేస్తూ ఉంటుంది, మూసిన చోట మళ్ళీ విడిపోతుంది. పైగా రిమ్ము లోపలికి పోయిన సీలెంట్ అక్కడే నిలబడి ఎండి ముద్ద అవుతుంది, అల్యూమినియం నిపుళ్ళని తినేస్తుంది, ఒక రోజు స్పోకు బిగిద్దామని తిప్పితే నిపుల్ తల ఊడి చేతికొస్తుంది. టేపు మార్చకుండా సీలెంట్ మీద సీలెంట్ పోసేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మీరు డబ్బు పోస్తున్నది టైరులోకి కాదు, రిమ్ములోకి.

ప్రశ్నలు అడగండి ఇక.

(ఒక యువకుడు: అన్నా, నాది మామూలు సైకిల్, యూనివర్సిటీకి పోయి రావడానికి. ట్యూబ్‌లెస్ చేయించాలా?)

వద్దు నాయనా. నీ రిమ్ము ట్యూబ్‌లెస్‌కి చేసింది కాకపోతే టైరు అంచుని పట్టి ఉంచే మెట్టు సరిగ్గా ఉండదు, టేపు ఎంత బాగా చుట్టినా మలుపులో టైరు జారి ఊడే ప్రమాదం ఉంది. పదిమంది చేశారులే అని నువ్వు చేయకు. ట్యూబులోనే సీలెంట్ పోసుకో, వాల్వ్ కోరు విప్పడానికి వచ్చేదైతే సులభం. పల్లేరు కాయలకి అది చాలు.

(ఒక మహిళ: మా వారి సైకిల్‌కి హుక్‌లెస్ రిమ్ములని చెప్పారు. వాటికి టేపు వేరేనా?)

టేపు అదేనక్కా. కానీ ఆ రిమ్ములకి గాలి పరిమితి ఉంది, ప్రమాణాల ప్రకారం ఐదు బార్లు, అంటే డెబ్బై రెండున్నర పీఎస్ఐ, అంతకు మించి కొట్టకూడదు. టైరు కూడా హుక్‌లెస్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే వేయాలి. రిమ్ము పక్కగోడకి కొక్కెం ఉండదు కాబట్టి టేపు చుట్లు ఎక్కువ తక్కువ అయితే టైరు పట్టులో తేడా వస్తుంది. రిమ్ము కంపెనీ ఒక చుట్టు అంటే ఒకటే వేయమనండి, సొంత తెలివి వద్దని చెప్పండి ఆయనకి.

(ఇంకొకరు: టేపు ఎన్నాళ్ళకి మార్చాలి?)

తేదీ పెట్టుకోవద్దు. టైరు విప్పిన ప్రతిసారీ చూడండి. అంచులు లేవలేదు, నిపుల్ గుంతలు లోతుగా లేవు, కింద తడి లేదు, అంటే అట్లాగే వదిలేయండి. మన ఎండకి సీలెంట్ మాత్రం రెండు మూడు నెలలకే ఆరిపోతుంది, అది పోసేటప్పుడు వాల్వ్ దగ్గర ఒకసారి వేలు పెట్టి చూడడం అలవాటు చేసుకోండి.

(అదే వ్యక్తి: దారిలో టేపు పోతే?)

ట్యూబు వేసుకోవడమే, ఇంకేం దారి లేదు. తలకోన దారిలో నిలబడి టేపు చుట్టలేరు. అందుకే ట్యూబ్‌లెస్ వేసుకున్నా ఒక ట్యూబు జేబులో ఉండాల్సిందే. పంపు గొట్టానికి ఒక మూర టేపు చుట్టి పెట్టుకోండి, చినిగిన చోట నిపుల్ బయటికి కనబడుతుంటే దాని మీద అంటించి, అప్పుడు ట్యూబు వేయండి, లేకపోతే నిపుల్ దాన్ని కూడా కోస్తుంది. ముఖ్యంగా ట్యూబు పెట్టేముందు టైరు లోపల అంతా నిదానంగా తడమండి, వేలు కోసుకోకుండా గుడ్డతో. ఇన్ని నెలలుగా సీలెంట్ మూసేసిన ముళ్ళన్నీ అక్కడే ఉంటాయి, మీకు తెలియకుండా ఎన్ని దిగాయో అప్పుడు తెలుస్తుంది. అన్నీ పీకేయాలి. ఒక్కటి వదిలినా కొత్త ట్యూబు పోతుంది, రెండో ట్యూబు లేకపోతే సైకిల్‌ని బస్సు మీదికి ఎక్కించడానికి కండక్టరుని బతిమాలుకోవడమే.